శివనాథ్ ఒడ్డున సముద్రం

చిన్నప్పుడు వరలక్ష్మమ్మ కళింగపట్నం దగ్గరి పల్లెలో ఉండగా తుఫాను వచ్చింది. ఇంటికప్పు ఎగిరిపోతే, వాళ్లమ్మ ఆమెను చీరతో తాటిచెట్టుకు కట్టి, తానూ ఆ చెట్టును వాటేసుకుని నిలబడింది. ఇద్దరూ బతికారు. పెళ్లయి, స్టీల్ ప్లాంటు ఉద్యోగి అయిన భర్త వెంట భిలాయి వచ్చాక ఆమెకు నచ్చిన మొదటి సంగతి, ఇక్కడికి సముద్రం రాలేకపోవడం.

భర్త పోయాక ఆమె కూతురు అరుణజ్యోతి దగ్గర ఉంటోంది. సెక్టార్ మార్కెట్లో కూరలమ్మే సుకవారోతో ఆమెకు పాత స్నేహం. మొన్న వానాకాలంలో, మనవడు పుట్టాడు, వేడుకకు రమ్మని సుకవారో పిలిస్తే తల్లీకూతుళ్లు దుర్గ్ అవతల, శివనాథ్ నది ఒడ్డునున్న ఆ ఊరికి వెళ్లారు.

భోజనాలు కాకముందే వీధిలోకి నీళ్లొచ్చాయి. అక్కడ వాన కూడా లేదు. ఎగువన ఎక్కడో కురిసిందంతా చప్పుడు చేయకుండా గడప దాటి లోపలికి వచ్చేసింది.

“దీదీ, పానీ చఢత్ హే! స్కూలు మీదికి చలో!” అని, నీళ్లు పైకెక్కుతున్నాయని అరుస్తూ సుకవారో పసివాణ్ణి ఎత్తుకుంది.

ఊళ్లో డాబా అదొక్కటే. అందరూ పైకెక్కేసరికి నీళ్లు సగం మెట్లు మింగేశాయి. కప్పు మధ్యలో నీళ్ల ట్యాంకును మోసే స్తంభాలు తప్ప చుట్టూ పిట్టగోడ లేదు. అంతలో గాలి లేచింది, వెంటే వాన.

“అమ్మా, పట్టుకోడానికి కుఛ్ భీ లేదు!” అంది అరుణజ్యోతి.

వరలక్ష్మమ్మ బాలింత కోసం తెచ్చిన కొత్తచీరను సంచిలోంచి లాగింది. “అందరూ కూకోండి. ఈ కొస ట్యాంకు స్తంభానికి కట్టియే. మాయమ్మ నన్నిలాగే కట్టింది.”

ఆ చీరకు మగవాళ్లు భుజాల మీది గంఛాలు ముడేశారు, ఆడవాళ్లు చున్నీలు ముడేశారు. ఆ తాడును అందరి నడుములకూ చుట్టుకున్నారు. ఓ గాలి విసురుకు సుకవారో భర్త బిసాహు అంచు దాటి జారిపోయాడు. తాడు బిగుసుకుంది.

“ఒగ్గీకండి! గట్టిగా పట్టి లాగండి!” అంటూ వరలక్ష్మమ్మ గొంతు చించుకుంది. భాష రానివాళ్లకూ అర్థమైంది. గాలిలో వేలాడుతున్న ముసలాయన్ని అందరూ కలిసి పైకి లాగారు.

గాలి తగ్గాక అందరూ చుట్టూ చూశారు. పొలాలు లేవు, దారి లేదు, నది ఎక్కడుందో తెలియదు. కనుచూపు మేర ఎర్రటి నీళ్లు, వాటి చివర భిలాయి పొగగొట్టాలు, వాటిలోంచి ఎప్పటిలాగే లేస్తున్న పొగ. వరలక్ష్మమ్మ రెండు చేతులూ జోడించింది. ఆమెకు భయం వేయలేదు. అంత పెద్దదాని ముందు తాను ఇంకా ఊపిరి పీలుస్తున్నందుకు ఒళ్లు జలదరించింది.

“ఓలమ్మా, ఎంతున్నాదో సూడే,” అంది కూతురితో. అరుణజ్యోతి ఆమె భుజానికి ఆనుకుని చూస్తూండిపోయింది.

“మా అత్త కాలంలోనూ ఇలాగే వచ్చిందట దీదీ, నేను నమ్మలేదు,” అంది సుకవారో హిందీలో. బిసాహు తాను చిన్నప్పుడు చూసిన వరద గురించి చెప్పాడు. వరలక్ష్మమ్మ తాటిచెట్టు సంగతి చెప్పింది.

చీకటి పడకముందే పడవలొచ్చాయి. మేకలు పోయాయి, ఇళ్లు కూలాయి, మనుషులంతా మిగిలారు.

నీరు తీశాక వరలక్ష్మమ్మ బియ్యం, దుప్పట్లు తీసుకుని మళ్లీ అక్కడికి వెళ్లింది. ఊరి చివర తుమ్మచెట్టు కొమ్మల్లో, వరద అంత ఎత్తుకు తెచ్చి వదిలేసిన ఒక పడవ ఇరుక్కుని ఉంది. దించడానికి వచ్చినవాళ్లు కూడా కాసేపు తలలెత్తి చూస్తూ నిలబడ్డారు.