బేస్‌మెంట్‌లో సెలెక్షన్లు పెట్టిన మా మస్తాన్ మామ

నిన్న పొద్దున వంట చేస్తుండగా రాయచోటి నుంచి ఫోన్ వచ్చింది. మస్తాన్ మామ ఇక లేరన్నారు.

స్టవ్ ఆపేసి అక్కడే కింద కూర్చుండిపోయాను.

ఇక్కడ కువైట్‌లో మేం పనిచేసే ఇంటి యజమానురాలిని మామా అంటాం. అరబ్బీలో ఆ మాటకు అమ్మ అని అర్థం. ఎవరు పోయారని ఆమె అడిగితే "మామ" అన్నాను. మా అమ్మే పోయిందనుకుని నన్ను దగ్గరికి తీసుకుంది.

సరిదిద్ది చెప్పే ఓపిక లేకపోయింది.

మస్తాన్ మామ మాకు బంధువు కాదు. నా చిన్నప్పుడు మేం ఇక్కడే సాల్మియా పేటలో ఉన్నప్పుడు మా పై ఫ్లోర్‌లో ఉండేవారు. దజీజ్‌లో ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారు. మా అమ్మను చెల్లీ అని పిలిచేవారు, అందుకే మాకు మామ.

శుక్రవారం వస్తే ఆయనకు హాకీ తప్ప ఇంకోటి లేదు.

సీజన్‌కి ముందు మన ఇండియన్ టీముల పెద్దలు కూర్చుని, కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునేవారు. దాన్ని డ్రాఫ్ట్ అనేవారు. సాల్మియా టీముకు ఎవరు పనికొస్తారో ముందుగా చూసిపెట్టేది మామే.

గోల్ కొట్టినవాణ్ని ఆయన పెద్దగా పట్టించుకునేవారు కాదు. బాల్ పోగొట్టుకున్నాక వెనక్కి పరిగెత్తేవాణ్ని చూసేవారు.

ఎవరికీ పాస్ ఇవ్వనివాణ్ని, "ఏమ్రా, బాలు నీ పెండ్లామా? ఇడిసిపెట్టవేం" అనేవారు. గ్రౌండంతా నవ్వేది.

చూడటం అయిపోతే "నీది ఖలాస్‌రా" అనేవారు. కొత్త పిల్లలు తమను తీసేశారనుకుని ఏడ్చుకుంటూ ఇంటికి పోయేవారు. మామ దగ్గర ఆ మాటకు అర్థం వేరు. ఇక నిన్ను చూడక్కర్లేదు, నువ్వు టీములో ఉన్నావు అని.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఆగస్టులో నాకు పదహారు. తమ్ముడు రమణకు పద్నాలుగు.

మా వీధి చివర సైనికులు చెక్‌పోస్ట్ పెట్టారు. రమణ ఇంట్లో కూర్చోలేక రోజూ బయటికి పోతానని గొడవ చేసేవాడు. చేతిలో ఎప్పుడూ హాకీ స్టిక్. దూరం నుంచి చూస్తే అది తుపాకీలా కనిపిస్తుందని అమ్మ భయం. వాడు వింటేనా.

అప్పుడు మామ కబురు పెట్టారు. బిల్డింగ్ బేస్‌మెంట్‌లో సెలెక్షన్లు, రానివాడికి టీములో చోటు లేదని.

కుర్రాళ్లందరూ కిందికి దిగిపోయారు. చప్పుడు కాకుండా బాల్‌కి గుడ్డ చుట్టారు. కార్ల మధ్యే ఆట, సాయంత్రం దాకా.

వారాలు గడిచాయి. మామ ఎవరికీ ఖలాస్ చెప్పలేదు.

"ఇంకేం చూడాల మామా? అంతా చూసినావు గదా" అని రమణ విసుక్కునేవాడు.

"నీ ఎడమ చెయ్యి సోమరిదిరా. రేపు రా, చూస్తాం."

ఒకరోజు అమ్మ ఆయనకు అన్నం పెడుతూ మెల్లగా అడిగింది. "అన్నా, టీములోళ్లంతా తలా ఒక దిక్కు పోయిరి. ఇంక డ్రాఫ్ట్ యాడుంది?"

మామ గోడకు ఆనుకుని కూర్చున్నారు. ముఖం బాగా అలసిపోయి ఉంది.

"లేదు చెల్లీ. నాకూ తెలుసు. ఖలాస్ అనేస్తే రేపట్నుంచి వాడు నా కాడికి ఎందుకొస్తాడు? రోడ్డు మీదికి పోతాడు."

పక్కనే ఉన్న నేను ఆ మాట విన్నాను.

జోర్డాన్ వైపు పోయే బస్సు మాకు దొరికిన రోజు, రమణ మెట్టు మీద ఆగిపోయాడు. "నేను సెలెక్టా కాదా, చెప్తేనే ఎక్కేది" అన్నాడు. వెనక జనం తోస్తున్నారు.

"ఎక్కరా సామీ. డ్రాఫ్ట్‌లో మొదటి పేరు నీదే" అన్నారు మామ.

వాడు ఎక్కాడు.

మా బిల్డింగ్ కుర్రాళ్లందరూ వెళ్లిపోయాకే ఆయన కువైట్ వదిలారని తర్వాత తెలిసింది.

నిన్న సాయంత్రం రాయచోటిలో ఆయనకు మట్టి ఇచ్చారు. నాకు సెలవు దొరకలేదు. రమణ కడప నుంచి వెళ్లాడు. తిరిగొచ్చి ఫోన్ చేశాడు.

"బేస్‌మెంటోళ్లు చానామంది వచ్చినారక్కా. అందరికీ తలలు నెరిసినాయి. మామను మోసేదానికి వంతులు పడినాం."

పోయి రండి మామా. నా దగ్గరున్న వెంకన్న పటం ముందు దీపం పెట్టి మీ పేరు చెప్పుకున్నాను. మీ అల్లా మిమ్మల్ని చల్లని నీడలో నిద్రపోనివ్వాలి.