వాగు దాటాక దగ్గు ఆగిపోయింది

అమ్మ రాయి మీద చెయ్యి పెట్టి చెప్తున్నాను. ఇందులో ఒక్క మాట కూడా కల్పించింది కాదు. ఇన్నేళ్లూ నోటితో చెప్పాను, నవ్వినవాళ్లే ఎక్కువ. ముసలితనంలో అక్షరాలు వచ్చాయి కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

మన్యం పితూరీ అణిగిపోయిన రోజులు. అరకు లోయలో మా ఊరి పక్కనుంచి పోయే బండి బాటను వెడల్పు చెయ్యాలని దొరలు తలపెట్టారు. ముందుగా ఒక సర్వే బాబు వచ్చాడు, బాటకి అడ్డొచ్చే పాతకాలపు రాళ్లు ఏమున్నాయో చూడటానికి.

మాలో మనిషి పోతే విందు పెట్టి ఒక రాయి నిలబెడతాం. పోయినవాళ్లు ఆ రాయిలోనే ఉంటారు. వాగు అవతల మా తాతల రాళ్ల వరస. వాగు ఇవతల, ఒంటరిగా, మా అమ్మది. కిందటి కోతలప్పుడు నిలబెట్టాం.

"అవతలివి పాతవి. పొద్దున్నే సున్నం గుర్తు పెడతాను. బాట వాటిని తప్పించుకుని పోతుంది," అన్నాడు బాబు.

అయ్య అమ్మ రాయి చూపించాడు. "మరి దీని సంగతేటి బాబూ?"

"ఇది నిన్నగాక మొన్నటిది. పగలగొట్టి బాటలో పరుస్తారు."

అయ్య సాయంత్రం వరస చివర ఒక గొయ్యి తవ్వి వచ్చాడు. చీకటి పడ్డాక నన్ను లేపాడు.

"లెగు గుంటా, బేగి. మీ అమ్మని వరసలో కలిపేద్దాం. ఏది పాతదో ఏది కొత్తదో ఆ బాబుకేటి తెలుస్తాది?"

గునపంతో రాయి పెకలించి, అడ్డతీగతో కర్రకి కట్టాం. అది ఒక పట్టాన లేవలేదు.

"బతికున్నప్పుడూ అంతే. నేను లెగమంటే లెగిసిందా?" అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. అప్పటికే ఆయనకి పాత దగ్గు.

నేను ముందు, అయ్య వెనక. రాయి మోసేటప్పుడు తల తిప్పకూడదు. తిప్పితే రాయి అక్కడే దిగిపోతుందంటారు మావాళ్లు. ఒకటే మంచు. నా చెయ్యి నాకే కనబడదు. వెనక దగ్గు... అడుగులు... మళ్లీ దగ్గు. ఆ దగ్గే నాకు ధైర్యం.

వాగులో దిగాం. సగం దాటామో లేదో, కర్ర ఒక్కసారిగా కిందికి గుంజింది. వెనక దబ్బుమని చప్పుడు.

"అయ్యా?"

పలకలేదు.

నీళ్ల చప్పుడు... అంతే. తల తిప్పబోయాను. ఆగాను.

అప్పుడు... కర్ర మెల్లగా లేచింది. నా భుజానికి సమంగా వచ్చింది.

నడిచాను. బరువు సగానికి సగం తగ్గింది. దగ్గు ఆగిపోయింది. గొంతు సర్దుకుందేమో అనుకుని సంతోషించాను కూడా.

"కాలు జారిందా అయ్యా?"

మాట లేదు. ఊపిరి లేదు. ఒక్కటే చప్పుడు. టింగ్... టింగ్... అయ్య చేతిలో గునపం రాళ్లకి తగులుతోంది అనుకున్నాను. మా అమ్మ కాళ్లకి ఇత్తడి అందెలుండేవి. ఆ సంగతి గుర్తుకు రాకూడదని పళ్లు బిగించాను.

రాయి గోతిలోకి దిగింది. కూర్చుని చేతులతో మట్టి తోశాను. అవతలి వైపు నుంచి కూడా ఎవరో తోస్తున్నారు. ఒకసారి వేళ్లు తగిలాయి. తడిగా... చల్లగా.

"ఇంటికి పోదాం అయ్యా," అన్నాను. ఇల్లు చేరేదాకా వెనక్కి చూడలేదు. చేరి చూస్తే వెనక ఎవరూ లేరు.

తెల్లారి వాగు మధ్యలో, బండ పక్కన, అయ్య బోర్లా పడి ఉన్నాడు. గునపం అమ్మ రాయి తీసిన చోటే ఉంది.

బాబు అమ్మ రాయికీ సున్నం పెట్టాడు. బాట తప్పుకుని పోయింది. అమ్మ ఇప్పటికీ అక్కడే ఉంది.

తిరిగొస్తూ పడి ఉంటాడన్నారు ఊళ్లో. కావచ్చు. అలాగైతే మోసింది అయ్యే. కానీ ఆ దబ్బు చప్పుడు?

అయ్యకి రాయి నిలబెట్టినప్పుడు నేను కర్ర పట్టనన్నాను. అందరికన్నా వెనక నడిచాను, నా వెనక ఎవరూ ఉండకూడదని. వాగు దాటుతుంటే ఎవరో దగ్గారు.

ముందున్నవాళ్లలో ఒకరేమో. నేను తల తిప్పలేదు.