మాత్రలు మింగే కాలంలో బెల్లం

రెండు వేల సంవత్సరంలో లోకం ఎలాగుంటుందో అంతా ఉందని వీధిలో పిల్లగుంటలు ఊదరగొట్టిన నవలని ఈ రోజు మా మనవరాలు పద్మ నాకు చదివి ముగించింది. ఉగాదికి పంచాంగం విన్నట్టే తలంటుకుని కూర్చుని విన్నాను. వానల సంగతి లేదు, పంటల సంగతి లేదు. జనం అన్నం మాని మాత్రలు మింగుతారట. రేపట్నుంచి మావాడు వడ్డాదిలో ఉన్న మా పొలమంతా చెరకే వేస్తానంటన్నాడు. ఆ చెరకంతా ఆడించి బెల్లం వండాలి కదా.

"మరి బెల్లం ఎవరు కొంటారే?" అన్నాను.

"అది రాయలేదు మామ్మా. చివర్న హీరో, హీరోయినూ చంద్రుడి మీద పెళ్లి చేసుకున్నారంతే."

"నెత్తిన జీలకర్రా బెల్లం పెట్టుకున్నారేటి?"

"అదీ రాయలేదు."

అంత లావు పుస్తకంలో రాసినోడు అసలు సంగతే వదిలేసేడు. పెళ్లన్నాక పెట్టుకునే ఉంటారని, మావాడికి చెరకు వెయ్యమనే చెప్పేను. మీరెవరైనా చదివుంటే, నిజంగా పెట్టుకున్నారో లేదో తెల్లారేలోగా చెప్పండి.