మంచిగున్నామని చెప్పినందుకు పోయిన ఇల్లు

ఆ రోజు పత్తర్‌గట్టి దుకాణం నుంచి తెచ్చిన పెళ్లిచీరకు ఫాల్ కుడుతున్నాను. మిషన్ చప్పుడులో ఎవరో నన్ను తిడుతున్నట్టు వినిపించింది. మిషన్ ఆపాను. చప్పుడు ఆగింది, తిట్లు ఆగలేదు. మా లాల్‌దర్వాజా గల్లీలో ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి కాబట్టి పక్కింటావిడే అనుకున్నాను. నేను ఊరుకునే రకమా? వెళ్లి నాలుగు దులిపేశాను. పాపం, ఆమె ఒక్కతే కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. బిత్తరపోయి చూసింది.

అమ్మానాన్న పోయాక నేను తమ్ముడు శ్రీను ఇంట్లోనే ఉండేదాన్ని. శ్రీను బస్సు డిపోలో మెకానిక్. సాయంత్రం వచ్చి నా చేయి పట్టుకుని, "అక్కా, ఎవ్వలు తిడ్తలేరే. నిద్ర లేక నీకు గిట్లయితున్నది," అన్నాడు. దిష్టి తీయించారు, తాయెత్తు కట్టించారు. ఆఖరికి పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. థైరాయిడ్, సీటీ స్కాన్, అన్నీ నార్మల్. ఆ మాట విని మావాడు మిఠాయి కూడా కొన్నాడు. తర్వాత సైకియాట్రీ డాక్టరుగారు చూసి, "స్కిజోఫ్రీనియా. షుగర్ మందులు వేసుకున్నట్టే దీనికీ వేసుకోవాలి. బాగైపోయానని ఆపొద్దు," అన్నారు.

రిస్పెరిడోన్ ఇచ్చారు. చెవిలో మాటలు తగ్గాయి, నేను లావయ్యాను. బాగైపోయానని ఆపేశాను. వద్దన్న పనే చేయడం మా వంశంలో ఉంది. ఒక మధ్యాహ్నం చెప్పులు లేకుండా గల్లీలో పరుగెత్తుతూ అరిచానట. నాకు గుర్తులేదు, గల్లీకి గుర్తుంది. ఇంటి ఓనరు వచ్చి, "శ్రీనన్నా, ఏమనుకోకు. గీ లొల్లి మాతోని కాదు. ఇల్లు ఖాళీ చెయ్," అన్నాడు. అప్పటినుంచి మాకు ఇల్లు దొరకడం గగనమైంది. ముందు సరేననేవారు. నా సంగతి తెలియగానే, "మా చుట్టాలు దిగుతున్నరు," అనేవారు. ఆ చుట్టాలందరూ నిజంగా దిగి ఉంటే పాతబస్తీలో నిలబడ్డానికి జాగా ఉండేది కాదు.

మళ్లీ ఆసుపత్రిలో చేరాను. ఈసారి క్లోజపిన్. దానికి రక్తపరీక్షలు తప్పనిసరి. మెల్లగా కుదుటపడ్డాను. డిశ్చార్జ్ రాశారు, కానీ శ్రీను తీసుకెళ్లలేదు. వార్డు గేటు దగ్గర నిలబడి ఏడ్చాడు. "నిన్ను తోల్కపోతే మాకు ఇల్లు ఇస్తలేరక్కా. చిన్న పిల్లలున్నరు. నన్నేం జెయ్యమంటవ్?" నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. అయినా వాడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు.

అప్పుడు ఆసుపత్రి సోషల్ వర్కర్ మేడం నన్ను బార్కస్‌లోని ఒక ఇంటికి పంపారు. నాలాంటి ఆడవాళ్ల కోసం మునిసిపల్ నిధులతో నడిచే ఇల్లు. ఆసుపత్రి కాదు, నిజంగా ఇల్లే. మేమే వండుకునేవాళ్లం, మేమే బజారుకు వెళ్లేవాళ్లం. మమ్మల్ని కనిపెట్టుకుని మొయినా ఆపా, మా అందరికీ అక్కలాంటిది, మాతోనే ఉండేది. నా గొంతు కాస్త లేస్తే చాలు, "క్యా సరళా, ఆవాజ్ పెరుగుతున్నది? పొద్దుగాల డాక్టర్ తాన పోదాం. ఫికర్ నక్కో కరో, నేనున్న కదా," అనేది. డోసు సరిచేయించేది. అక్కడున్నన్నాళ్లూ నేను ఒక్కసారి కూడా ఆసుపత్రిలో చేరలేదు. మళ్లీ ఫాల్స్ కుట్టాను. నా పక్క మంచం యాదమ్మది. కొత్తవాళ్లను చూస్తే మంచం కిందికి దూరేది. బయటికి వెళ్తే నా కొంగు వదిలేది కాదు.

ఒకసారి మునిసిపల్ ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారన్నారు. నిధులు కొనసాగాలంటే ఆ తనిఖీ బాగా జరగాలి. ఇక చూడండి మా హడావిడి! పెళ్లిచూపులకు ముస్తాబైనట్టు అయ్యాం. ఇల్లు కడిగి ముగ్గు వేశాం. యాదమ్మను పైగదిలో కూర్చోబెట్టి, "సార్లు పొయ్యెదాంక సప్పుడు జెయ్యకు," అని చెప్పింది నేనే. ఆపా కూడా సరేనంది.

వచ్చిన సారు మంచివాడు. మా పచ్చిపులుసు రెండుసార్లు వేయించుకుని తిన్నాడు. "మీరంతా మస్తు మంచిగున్నరు కదమ్మా! అసలు మీకు బీమారున్నదా?" అన్నాడు.

"మాకేం తక్కువ సార్? మంచిగున్నం," అన్నాను. అందరం నవ్వాం.

కొన్నాళ్లకు కాగితం వచ్చింది. ఇక్కడివారు కోలుకున్నారు, కుటుంబాలకు అప్పగించవచ్చు, ఇకపై నిధులు అవసరం లేదు. మేడం, ఆపా, నేను ఆఫీసుకు పరుగెత్తాం. "సార్, ఆ ఇల్లున్నది కాబట్టే మంచిగున్నరు," అని ఆపా మొత్తుకుంది. తనిఖీకి వచ్చిన ఆ సారే తల దించుకుని, "రిపోర్టు పైకి పోయిందమ్మా. నా చేతుల ఏం లేదు," అన్నాడు.

ఇల్లు మూతపడింది. యాదమ్మను దూరపు చుట్టం ఒకాయన తీసుకెళ్లాడు. కొన్ని వారాలకే ఆమె బయటికి వెళ్లి తిరిగి రాలేదు. ఆపా బస్టాండులూ దర్గాలూ గుళ్లూ వెతికింది. దొరకలేదు.

నన్ను శ్రీను తీసుకెళ్లాడు, కొత్త ఓనరుకు తెలియకుండా. గట్టిగా దగ్గకూడదు, గడప దాటకూడదు. మరదలు తలుపు దగ్గర కాపలా. రక్తపరీక్షకు వెళ్లకపోతే క్లోజపిన్ ఇవ్వరు. మందు తప్పింది, తిట్లు తిరిగొచ్చాయి, ఓనరుకు తెలిసిపోయింది. మళ్లీ వార్డు.

ఇప్పుడు ఆ వార్డు నుంచే ఇది రాస్తున్నాను. రౌండ్స్‌లో డాక్టరుగారు, "సరళా, ఇంకా మాటలు వినిపిస్తున్నాయా?" అని అడుగుతారు. వినిపించడం లేదు. అవి ఆగిపోయి చాలా రోజులైంది. కానీ ఆ మాట చెబితే డిశ్చార్జ్ రాస్తారు. బయటికి వెళ్లి ఎక్కడ పడుకోను? అందుకని, "వినిపిస్తున్నయ్ సార్," అంటాను. ఆయన డోసు పెంచుతారు. నోటి నుంచి చొంగ కారుతుంది, కూర్చున్నచోటే నిద్ర ముంచుకొస్తుంది. డాక్టరుగారు ఇది చదివితే చదవనీ. నాకొక చోటు చూపించి అప్పుడు తిట్టమనండి. ఆ ఇల్లు మళ్లీ తెరుస్తారన్న ఆశ నాకు లేదు.

మీలో ఎవరికైనా అలాంటి చోటు ఇంకా మిగిలి ఉంటే ఒక్క మాట. అధికారులు చూడ్డానికి వస్తే ముస్తాబు కాకండి. మీ చెడ్డరోజు ఎలా ఉంటుందో చెప్పండి. ఈ రోజు ఎవరి వల్ల బాగున్నారో ఆ మనిషిని పక్కన నిలబెట్టి చూపించండి. యాదమ్మలాంటివాళ్లను పైగదిలో దాచకండి. నేను దాచాను.