ముద్దొచ్చే యాస, దిద్దాల్సిన యాస

నోటి ముందు టిష్యూ కాగితం పట్టుకుని ‘ప’ అనమన్నారు. కాగితం ఎగరాలి. ఎగిరితే అమెరికా ‘ప’, ఎగరకపోతే మన ‘ప’. అమెరికాలో బాతెల్ అనే ఊళ్లో మా కంపెనీ మీటింగ్ గది. మందుల నాణ్యతను పరీక్షించే నేను, పక్క ల్యాబ్‌లోని చైనా అమ్మాయి, ఇద్దరు తమిళులు, ఒక వియత్నాం పెద్దాయన, అందరం కాగితాలు ఊదుకుంటూ కూర్చున్నాం. ఇంగ్లిష్ ఉచ్చారణ దిద్దే ఆ క్లాసు పేరు క్లియర్ స్పీచ్ వర్క్‌షాప్. ఎవరూ తప్పనిసరి అనలేదు. రాకపోతే ఏమవుతుందో కూడా ఎవరూ అనలేదు.

నాకు తేలు మంత్రం గుర్తొచ్చింది. నేను పెరిగిన తెనాలిలో, మా వీధి చివర ఒకడు తేలు కుట్టిన చోట మంత్రం చదివి ఊదేవాడు. మామూలు తేలు కుడితే నొప్పి కొన్ని గంటలకు దానంతటదే తగ్గుతుంది. తగ్గగానే పేరు వాడికి. మా నాన్న నన్ను ఆదివారాలు లైబ్రరీ హాల్లో జరిగే హేతువాద చర్చలకు తీసుకెళ్లేవాడు. అక్కడ నేను నేర్చుకున్న మొదటి పాఠం ఆ మంత్రగాడి గురించే. ఊదాక ఏమైందని కాదు, ఊదకపోతే ఏమయ్యేదో అడగాలి.

ఆ గదిలో ఉండాల్సిన మనిషి ఒకడు లేడు. నా పక్క డెస్క్‌లో కూర్చునే డెన్మార్క్ ఆయన. ఆయనకూ ఇంగ్లిష్ పుట్టుకతో వచ్చిన భాష కాదు. నాలాగే బడిలో నేర్చుకున్నాడు. ఆయన మాట్లాడితే సగం హల్లులు గొంతులోకి జారిపోతాయి, ముద్ద మింగుతూ మాట్లాడినట్టుంటుంది. అయినా కాఫీ దగ్గర అమెరికన్లు తల పక్కకు వంచి, “అబ్బ, మీ యాస ఎంత బాగుందో!” అంటారు. వాళ్లకు అర్థం కానప్పుడు కూడా అంటారు. నేను ఒక మాట రెండోసారి చెప్పాల్సి వస్తే మాత్రం అది నా ఫైల్‌లోకి ఎక్కుతుంది.

ఈ కోపంలో ఆయనకు వాటా లేదు. లంచ్‌కి ఇద్దరం కలిసే కూర్చునేవాళ్లం. నల్లగా, ఇటుకలా ఉండే రై రొట్టె ఆయనది, పెరుగన్నం, మాగాయ నాది. ఒకరోజు ఇంగ్లిష్ ఎలా నేర్చుకున్నావని అడిగాను.

“టీవీ చూసి,” అన్నాడు. “మాకు ఎవరూ డబ్బింగ్ చేయరు. కింద అక్షరాలు వేస్తారు, అంతే. మాది చిన్న భాష. మా కోసం ఎవడు శ్రమపడతాడు?”

మా పాత గుంటూరు, కృష్ణా జిల్లాలు కలిపితే జనంలో ఆయన దేశాన్ని మించిపోతాయి. ఆయనది చిన్న భాష కాబట్టి ఇంగ్లిష్ నేర్చుకోవడం తెలివి. మనది పెద్ద భాష, మనం నేర్చుకుంటే అది సరిపోని తెలివి.

“అంత బాగా వచ్చేసిందా?”

“మాటలు వచ్చాయి, అంకెలు రాలేదు,” అని నవ్వాడు. “మేం ఒకట్లు ముందు చెబుతాం, పదులు తర్వాత. ఎనభై ఆరంటే మాకు ఆరు-ఎనభై. కంగారులో ఉంటే తిరగేసి చెప్పేస్తాను. చదివేటప్పుడు నా పక్కన ఉండు.”

అందుకే డేటా సరిచూసేటప్పుడు మాకొక పద్ధతి ఉండేది. నేను అంకెల్ని విడివిడిగా చదివేదాన్ని, ఎనిమిది, ఆరు అని. ఆయన అలాగే తిరిగి చెప్పి రాసుకునేవాడు. ఆయనకు తన లోపం తెలుసు, దాచుకోలేదు. ఆ నిజాయితీ ఆఫీసులో ఇంకెవరికీ అక్కర్లేకపోయింది.

ఆరు నెలలు నేను చేసిన పరీక్ష ఫలితాలు క్లయింట్‌కి చెప్పే రోజు దగ్గరపడింది. వేడికి పెట్టిన మందులో బలం ఎంత మిగిలిందన్నది తేల్చే పని అది. ఎవరు చెబితే తర్వాతి ప్రాజెక్టుకు వాళ్లే లీడ్ అని అందరికీ తెలుసు. మా మేనేజర్ హైదరాబాద్ అబ్బాయి, నాకంటే చిన్నవాడు. నా డెస్క్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

“అక్కా, ఏమనుకోకండి. ప్రెజెంట్ చేసేది మీ పక్క డెస్క్ ఆయన. కంటెంట్ అంతా మీదే, అది అందరికీ తెలుసు.”

“తెలిస్తే నేనే చెప్పొచ్చుగా?”

“క్లయింట్ కంఫర్ట్ చూడాలి కదక్కా. మీ యాక్సెంట్ కొంచెం...”

“ఎవరు కంప్లైంట్ చేశారు?”

“ఎవరూ చేయలేదు. చేస్తరేమో అని.”

“ఆయన అంకెలు తిరగేస్తాడు తమ్ముడూ. తనే ఒప్పుకున్నాడు. కావాలంటే పరీక్ష పెట్టు. ఇద్దరం ఒకే పేజీ చదువుతాం, ఫ్రంట్ డెస్క్ అమ్మాయి విని రాస్తుంది. ఎవరి మాట సరిగ్గా చేరిందో కళ్లతో చూడు.”

“ఇదేమన్నా సైన్స్ ఫెయిరా అక్కా?” అని నవ్వాడు. “మీరిట్లా అంటే జెలసీ అనుకుంటారు. పైగా కంపెనీ తరఫున గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది మీది. మ్యూట్‌లో ఉండండి. డౌట్ వస్తే చాట్‌లో పెట్టండి.”

మందు విషయంలో రుజువు లేనిదే అంగుళం కదలని కంపెనీ ఇది. మనిషి విషయానికొచ్చేసరికి రుజువు అడగడం అసూయ అయింది. ఈ మూఢనమ్మకాన్ని అమెరికన్లే నా మీద రుద్దారని చెప్పుకుంటే సుఖంగా ఉంటుంది. కానీ దాన్ని మోసుకొచ్చి నా డెస్క్ మీద పెట్టినవాడు, తను కూడా ఒకప్పుడు కాగితం ఊదినవాడే. ఇంట్లో కన్నపిల్లలు తన ఇంగ్లిష్‌ని వెక్కిరిస్తారని పార్టీల్లో మురిసిపోతూ చెప్పేవాడు.

మీటింగ్ రోజు ఎవరి డెస్క్ దగ్గర వాళ్లం కూర్చుని కాల్‌లో చేరాం. డెన్మార్క్ ఆయన స్లైడ్‌లు బాగానే చెప్పాడు, అంకెలు ఎదురుగా కనిపిస్తున్నాయి కాబట్టి. చివర్లో క్లయింట్ వైపు నుంచి ఒక పెద్దావిడ, స్లైడ్‌లో లేని ఒక బ్యాచ్ గురించి అడిగింది. అందులో బలం ఎంత మిగిలింది? ఎనభై శాతం కన్నా తక్కువైతే ఆ బ్యాచ్ మొత్తం పారబోయాలి.

ఆయన కాగితాలు తిరగేశాడు. కంగారు పడ్డాడు. “అరవై ఎనిమిది,” అన్నాడు.

“అయితే పారబోయడమేనా?” అంది ఆవిడ.

“అవును, ప్రాసెస్ స్టార్ట్ చేస్తాం,” అని మా మేనేజర్ అప్పుడే అందుకున్నాడు.

ఎనభై ఆరు. ఆ అంకెను నేను పరికరం మీద చూశాను. చాట్‌లో పెడితే ఎవరో చూసేదాకా ఆగాలి. మ్యూట్ తీశాను.

“అది తప్పు. ఎనభై ఆరు. ఎనిమిది, ఆరు. బ్యాచ్ బాగుంది.”

“అవును,” అన్నాడు డెన్మార్క్ ఆయన వెంటనే. “ఆమె చెప్పిందే నిజం. నేను తిరగేశాను. నాకిది అలవాటు.”

“మీరెవరు?” అని ఆ పెద్దావిడ నన్నడిగింది.

“పరీక్ష చేసింది నేను.”

“మరి మొదటి నుంచీ మీరే ఎందుకు చెప్పలేదు?”

దానికి మా వైపు నుంచి ఒక్కరూ మ్యూట్ తీయలేదు. మిగిలిన ప్రశ్నలు ఆవిడ నన్నే అడిగింది. నేనే చెప్పాను. ఏ మాటా రెండోసారి చెప్పమనలేదు.

కాల్ అయ్యాక మేనేజర్ నన్ను గదిలోకి పిలిచాడు. మంచి మందు చెత్తబుట్టలో పడకుండా ఆపినందుకు థ్యాంక్స్ చెబుతాడని ఎదురుచూసేంత అమాయకురాలిని కాదు.

“మధ్యలో అట్లా ఇంటరప్ట్ చేయడం బాగుండదక్కా. పాపం, ఆయన నర్వస్ అయిండు.”

“నేను తప్పు చెప్పి ఉంటే కూడా పాపం అనేవాడివా?”

మాట మార్చి, గొప్ప వరం ఇస్తున్నట్టు ముఖం పెట్టి, తర్వాతి కాల్‌లో మాటలు ఆయన చెబుతాడు, అంకెలు మీరు చెప్పండి అన్నాడు.

“కుదరదు. చెబితే మొత్తం నేనే చెబుతాను. లేకపోతే నువ్వే చెప్పుకో. నా గ్రీన్ కార్డ్ ఏమవుతుందో కూడా నువ్వే రాసి మెయిల్ పెట్టు. నోటితో వద్దు.”

మెయిల్ రాలేదు. భయాలు నోటితోనే బతుకుతాయి, కాగితం మీద పెట్టమంటే చచ్చిపోతాయి. ఈలోగా డెన్మార్క్ ఆయన హెచ్.ఆర్. వాళ్ల దగ్గరికి వెళ్లి, వర్క్‌షాప్‌లో తన పేరు కూడా రాయమన్నాడట. జోక్ అనుకుని నవ్వారట. ఆయన వచ్చి నాతో చెప్పి, రొట్టె విప్పుకుంటూ, “నాకు నవ్వు రాలేదు,” అన్నాడు. నేను ఆ వర్క్‌షాప్‌కి మొదటి రోజు తర్వాత మళ్లీ వెళ్లలేదు.

తర్వాతి కాల్ మొదటి నుంచి చివరి దాకా నేనే చెప్పాను. తెనాలి ‘ప’తోనే. ఆ పెద్దావిడే మళ్లీ అటువైపు. పని గురించి గట్టిగా అడిగింది, గట్టిగా చెప్పాను, సరేనంది. లీడ్ నాదని ఆ సాయంత్రమే మెయిల్ వచ్చింది.

మేనేజర్ కాఫీ పట్టుకుని నా డెస్క్ దగ్గరికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

“చూశారా అక్కా! ఎంత క్లియర్‌గా చెప్పారో. నేను చెప్పలే? వర్క్‌షాప్ పనిచేసింది!”

“నేను ఒక్కరోజే వెళ్లాను తమ్ముడూ. మళ్లీ వెళ్లలేదు.”

కాఫీ ఒక గుక్క తాగి ఆలోచించాడు.

“అయినా ఎఫెక్ట్ ఉంటది కదక్కా,” అన్నాడు. వర్క్‌షాప్ కొత్త బ్యాచ్ పేర్లు హెచ్.ఆర్.కి పంపాలని, వెళ్లిపోయాడు.