పిల్లవాని ప్రక్కన ఒక గంట

నాలుగో ఫారంలో చేరిన మొదటి వారమే లెక్కల మాస్టారు మా చేత ఒక కాగితం రాయించారు. పిల్లలకీ తండ్రులకీ సూచనలన్నమాట. చిత్తుపుస్తకం ఒకటి, మంచిపుస్తకం ఒకటి ఉండాలి. మెట్లన్నీ చూపించకపోతే జవాబు సరిపోయినా మార్కు లేదు. జామెట్రీ పెట్టె పక్కవాణ్ణి అడిగితే బెంచీ ఎక్కాలి. ఇవి మా బాధలు. చివరిది తండ్రులకి: "ప్రతిదినము సాయంకాలము ఒక గంట పిల్లవాని ప్రక్కన కూర్చుండవలెను. దసరా వెళ్లిన నెలకు, అటుల కూర్చుంటిమని సంతకము చేసి పంపవలెను." సంతకం తేనివాడికి పరీక్ష లేదు.

మిగతావాళ్ల ఇళ్లు బడి చుట్టుపక్కలే. మాది గుమ్మలక్ష్మీపురం దాటి ఇంకా కొండెక్కాలి. ఒకటిన్నర రోజు నడక. నేను పల్లంలో ఒకరింటి వసారాలో ఉండి చదువుకునేవాణ్ణి.

దసరా సెలవులకి కాగితం పట్టుకుని వెళ్లాను. మా అయ్యకి అక్షరం ముక్క రాదు. చదివి వినిపించాను. చివరి మాట మళ్లీ చదవమన్నాడు.

"ఏలిముద్ర ఏసీ అయ్యా, అట్టుకెల్లిపోతాను" అన్నాను.

"కూకోకుండా ఎలా ఏత్తానురా గుంటడా? కూకున్నాక ఏత్తాను."

"నానక్కడుంతాను, నువ్విక్కడుంతావు. ఎలా కూకుంతావు?"

"అది నాను సూసుకుంతాను. కాయితం ఒగ్గీసి ఎల్లు."

ఆయనది ఉడుంపట్టు, నాకు ముక్కు మీదే కోపం. నా నోట్లో మట్టి కొడుతున్నాడనుకున్నాను. మర్నాడు ఆయన కట్టి ఇచ్చిన చోడిసంకటి మూట గడప దగ్గరే వదిలేసి, వెళ్లొస్తానని కూడా చెప్పకుండా దిగిపోయాను. చిన్నతనం అని సర్దిచెప్పుకోను. పద్నాలుగేళ్లవాడికి ఆమాత్రం తెలియాలి.

ఆ నెలంతా సాయంత్రాలు బరువుగా గడిచాయి. ఎదురింటి అరుగు మీద ఒక తండ్రి కొడుకుని కూర్చోబెట్టుకుని, తప్పు చేసినప్పుడల్లా మొట్టికాయ వేసేవాడు. ఆ మొట్టికాయలకి కూడా నాకు అసూయగా ఉండేది.

నెల నిండింది. అందరూ సంతకాలు తెచ్చారు. రేపటికి తేకపోతే పరీక్షకి నా పేరు కొట్టేస్తానన్నారు మాస్టారు. మర్నాడు, అడ్డాకుల కావిడితో సంతకి దిగిన మా ఊరి మావ ఒకాయన బడి గుమ్మంలో నిలబడ్డాడు. నా కాగితం తెచ్చాడు. దాని మీద మసితో వేసిన వేలిముద్ర ఉంది. దానితోపాటు ముళ్లు వేసిన నార ఒకటి.

మా కొండల్లో పెళ్లికి పిలవాలంటే ఇలాగే పంపుతారు. ఎన్ని రోజులుంటే అన్ని ముళ్లు. అందుకున్నవాళ్లు రోజుకొకటి విప్పుకుంటారు. మా అయ్య రోజుకొకటి వేసుకుంటూ వచ్చాడు.

మాస్టారు లెక్కపెట్టారు. "ఇరవై ఎనిమిదే ఉన్నాయి."

"రెండు సాయంత్రాలు సేలో పందులు పడ్డాయి బాబూ. కూకోనేదు, అందికే ముడెయ్యనేదు" అన్నాడు మావ. తరవాత నా వైపు తిరిగాడు. "పొద్దుగూకితే నీ సాప పరిసి, దాని పక్కన కూకుంతన్నాడు. ఎవులు పిలిసినా లెగడు. మా గుంటడు లెక్కలు సేసుకుంతన్నాడు, మాటాడకండి అంతాడు."

మా తరగతి తండ్రుల్లో, ముప్పై సాయంత్రాలూ ఒక్క సంతకంతో కూర్చుని లేచినవాళ్లే ఎక్కువ. ఆ సంగతి మాస్టారికి తెలుసు. నా పేరు పరీక్షకి రాసుకుని, నార నా చేతిలో పెట్టారు.

ఆ సాయంత్రం వసారాలో పుస్తకం తెరిచాను. ఒక్క లెక్కా సాగలేదు. ఇంటికి వెళ్లిపోవాలని ఉంది, అంతే. లేచి అలా వీధిలోకి పోదామనుకున్నాను. కానీ గంట నిండేదాకా కదల్లేదు. నేను లేచిపోతే, అక్కడ ఆయన ఒక్కడే కూర్చుని ఉంటాడు.