కొంగు మీద పళ్లెం

మా కోసిగి చర్చిలో నెలకోసారి ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె పళ్లెం చేతులు మారుతూ వచ్చేటప్పుడు, నా పక్కన కూర్చునే పెద్దమ్మ దాన్ని వట్టి చేత్తో ముట్టేది కాదు. కొంగు పరిచి అందుకుని, తను తినకుండా నాకిచ్చేది. బాప్తిస్మం కాని చేయి తగలకూడదని ఆమె పట్టింపు. అట్లా ఆమెకెవరూ చెప్పలేదు.

మాకు బాప్తిస్మాలు క్రిస్మస్ ముందు, కాలువలో ముంచి ఇస్తారు. అప్పటికే ఆమె పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయి ఉండేది. ఎండాకాలంలో తిరిగొచ్చేసరికి కాలువ ఎండిపోయేది.

"ఈ యేడు ఆగు పెద్దమ్మా" అన్నాను ఒకసారి.

"ఆగితే ఏం తినల్ల పాపా? కాలువ యాడికీ పోదులే. మళ్లా యేటికి మునుగుతా."

పోయినేడు సుగ్గి నుంచి ఆమె శవమే వచ్చింది. ఇంటిముందు స్నానం చేయిస్తూ ఆమె కూతురు పాస్టరు గారిని అడిగింది.

"ఈ నీళ్లు లెక్కకు రావా అయ్యగారూ?"

ఆయన చెంబు తీసుకుని, పెద్దమ్మ పాదాల మీద తనూ నీళ్లు పోశారు.

తర్వాతి బల్లనాడు పళ్లెం ఆమె ఖాళీ చోటు దాటి నా దగ్గరకొచ్చింది. నాకు బాప్తిస్మమై ఏళ్లయింది. అయినా వట్టి చేత్తో అందుకోవడానికి మనసు రాలేదు. కొంగు పరిచాను.